నాలుక సారు నాకిన పచ్చరాయి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. చదువుకున్నవాళ్ళు తప్పు చెప్పరనీ, ఒకవేళ చెప్పినా మనం మర్యాదగా దిద్దితే "అట్లనా, మంచి మాట చెప్పినావమ్మా" అని సంతోషిస్తారనీ. ఇరవై మూడేళ్ళ వయసులో జియాలజీ ఎమ్మెస్సీ పట్టా, నాలుగు చుడీదార్లు, ఒక సుత్తి, వాటితోపాటు ఈ నమ్మకం కూడా సంచీలో పెట్టుకుని పుంగనూరులో మదనపల్లె బస్సెక్కాను. వాటిలో ఇప్పటికీ నా దగ్గర మిగిలింది సుత్తి ఒక్కటే.

మదనపల్లెలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నాకు టెంపరరీ లెక్చరర్ ఉద్యోగం. జియాలజీ డిపార్టుమెంటంటే మేడ మీద మూలగది, అద్దాల బీరువా నిండా దుమ్ముపట్టిన రాళ్ళు, వాటి ముందు కుర్చీలో మా హెడ్డు. పిల్లలు ఆయనకు పెట్టిన పేరు నాలుక సారు. పేరు ఊరికే రాలేదు. ఏ రాయి చేతికిచ్చినా అటూ ఇటూ తిప్పి, కళ్ళు మూసుకుని, చటుక్కున నాలుక చాపి నాకేవారు. ఊరగాయలో ఉప్పు సరిపోయిందో లేదో చూసే పెద్దావిడలా కాసేపు చప్పరించి, "క్వార్ట్జ్. రాసుకోండప్పా" అని తీర్పు చెప్పేవారు. (రాయి తడిస్తే రంగు బాగా తేలుతుంది, రాతి ఉప్పయితే ఉప్పగా తగులుతుంది, కాబట్టి జియాలజీ వాళ్ళు ఎప్పుడైనా ఒక రాయి నాకడం లోకంలో ఉన్నదే. మా సారు మాత్రం దాన్ని ఒక శాస్త్రంగా పెంచి పెద్దచేశారు.)

ఆయన వర్గీకరణ బహు సులువు. తెల్లగా ఉంటే క్వార్ట్జ్, నల్లగా ఉంటే మాగ్నెటైట్, పచ్చగా ఉంటే మాలకైట్, ఏ రంగో తేలకపోతే "సిలబస్సులో లేదు". భూమి కోట్ల ఏళ్ళు కష్టపడి వేల రకాల ఖనిజాలు తయారుచేస్తే, ఆయన వాటిని నాలుగు డబ్బాల్లో సర్ది మూతపెట్టేశారు. మిగతా పాఠమంతా నోట్సు. ఆయన సగం వాక్యం అనడం, పిల్లలు కోరస్‌గా పూర్తిచేయడం. "యాసిడ్ పోస్తే పొంగితే?" "కార్బొనేట్ సార్!" "బొగ్గుల మింద ఏస్తే తెల్లగడ్డ వాసనొస్తే?" "ఆర్సెనిక్ సార్!" అని అరిచేవాళ్ళకు యాసిడ్ సీసా మూత ఏ రంగులో ఉంటుందో తెలియదు. అరిపించే ఆయనకూ తెలుసని నేను అనుకోను. (మా పక్క తెల్లగడ్డంటే వెల్లుల్లి, ఎర్రగడ్డంటే ఉల్లి.)

ఇలా ఉండగా ఒకరోజు మా మేనమామ వచ్చాడు. కుప్పం దగ్గర గ్రానైట్ క్వారీలో టిప్పరు తోలేవాడు. నా చదువు మీద మా వంశంలో గౌరవం ఉన్న మనిషి ఆయనొక్కడే. మిగతావాళ్ళంతా "రాళ్ళ సదువు" అని మూతి తిప్పేవాళ్ళు. మామ భుజాన ఉన్న తుండుగుడ్డ విప్పి నా చేతిలో ఒక రాయి పెట్టాడు.

"అమ్మాయ్, నీకు రాళ్ళంటే పిచ్చి గదా, ఇదో తెచ్చినా సూడు. పాత గని దిబ్బ కాడ పడుండె. పాచి పట్టిందేమోనని తుడిస్తే పోలే."

చింతపండు రంగు రాయి మీద ఒకవైపంతా చిలకపచ్చ బుడిపెలు, ఆవగింజల్లా నిగనిగలాడుతూ అతుక్కుని ఉన్నాయి. అంత అందమైన రాయిని నేను పుస్తకాల్లో బొమ్మగా తప్ప చూడలేదు. మామకు దోసెలు కూడా సరిగ్గా పెట్టకుండా (పాపం, నాలుగు తినే మనిషికి రెండే వేశానట, ఇప్పటికీ దెప్పుతాడు) దాన్ని పట్టుకుని కాలేజీకి పరిగెత్తాను. నాలుక సారు చూశారు. కళ్ళు మూశారు. రాయి బాగుంది కదా అని కాబోలు, మామూలు కంటే తీరిగ్గా నాకారు. "మాలకైట్. మంచి పీసు. బీరువాలో ముందర పెట్టండి" అన్నారు.

మాలకైట్ అయితే యాసిడ్ చుక్క పడగానే సోడాలా పొంగాలి. నేను చుక్క వేస్తే ఇది ఒక్క బుడగ కూడా లేపకుండా నిదానంగా కరిగి, చుక్కకు పచ్చరంగు అంటించి ఊరుకుంది. మాలకైట్‌ను గీయగల ఫ్లోరైట్ ముక్కతో గీస్తే గీత పడలేదు, చాకుతో గీస్తే పడింది. అంటే మాలకైట్ కంటే కాస్త గట్టిది. పొడి లేతపచ్చ. పిడికెడు రాయికి ఉండవలసిన బరువు కంటే ఎక్కువ బరువు. ఆ పొడి కాస్త పొట్లం కట్టుకున్నాను. ఇక మిగిలింది బొగ్గుల పరీక్ష.

నేనుండేది కాలేజీ వెనక వీధిలో ఒక మిద్దె మీది గదిలో. కింద ఓనరమ్మ. ఆవిడ శనివారాలు ఒంటిపూట ఉంటుంది. ఆ రోజు ఇంటి గడపలోకి ఎర్రగడ్డ, తెల్లగడ్డ రాకూడదు. నాకు తీరిక దొరికింది కూడా శనివారమే. మిద్దె మీద కుంపటిలో బొగ్గులు రాజేసి, రాయి పొడి చిటికెడు వేసి గాలికి ఎదురుగా నిలబడ్డాను. (మీరెవరూ ఇలా చేయకండి. ఆ పొగ పీల్చడం రాయి నాకడం కంటే అన్యాయం. ఈ సంగతి నాకు తెలుసు, అయినా చేశాను, ఎందుకంటే అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు.) నిమిషం గడవకముందే మిద్దె మీద ఎవరో తెల్లగడ్డ పొట్టు నిప్పుల్లో పోసినట్టు గుప్పున వాసన. ఆనందంతో గంతెయ్యబోతుంటే మెట్ల మీద గాజుల చప్పుడైంది.

"ఏమ్మా, శనివారం పూట తెల్లగడ్డలు కాలస్తాండావే, నీకేమన్నా బుద్ధుండాదా?"

"తెల్లగడ్డలు కాదక్కా, రాయి."

"రాయా? రాయికి తెల్లగడ్డ వాసన యాల వస్తాది? అబద్ధమాడితే అతికినట్టుండాల."

నా గదంతా వెతికింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూసింది. తెల్లగడ్డ దొరక్కపోయేసరికి కోపం ఇంకా పెరిగింది. మిద్దెంతా పసుపునీళ్ళు చల్లి, మళ్ళీ ఇలాంటి పని చేస్తే గది ఖాళీ చెయ్యమని చెప్పి దిగిపోయింది. నాకు మాత్రం ఆవిడ తిట్లు చెవికెక్కలేదు. నేను అప్పటికే ఎక్కడో ఉన్నాను. ఖనిజాల పేర్లు చాలావాటికి చివర 'ఐట్' అని వస్తుంది కదా. ఇది లోకం ఎరగని కొత్త ఖనిజమేనని, దానికి మా ఊరి పేరు మీద 'పుంగనూరైట్' అని పేరు పెడతాననీ నిశ్చయించుకున్నాను. నన్ను స్టేజీ మీదికి పిలిచినప్పుడు కట్టుకోవలసిన చీర కూడా అనుకున్నాను.

యూనివర్సిటీలో ఎక్స్‌రే మిషను దగ్గర పనిచేసే మా సీనియర్ అక్కకు ఒక ముక్క పంపితే, వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది. "కోనికాల్సైట్ అమ్మా. కాల్షియం, రాగి కలిసిన ఆర్సెనేటు. ఎడెలైట్ గ్రూపు, ఆర్థోరాంబిక్. ఈ పక్క అరుదే, కానీ కొత్తదేం కాదు." ఎవరో ఎప్పుడో పేరు పెట్టేసుకున్నారన్నమాట. పుంగనూరుకు ఆ యోగం లేదు. ఊరికి పేరు తెచ్చిన పొట్టి ఆవులతోనే సరిపెట్టుకుంటోంది.

నా ఏడుపు నేను ఏడుస్తుండగా అసలు సంగతి అప్పుడు తట్టింది. ఆర్సెనేటు అంటే అందులో ఆర్సెనిక్ ఉంది, అంటే మనవాళ్ళు పాషాణం అనే సరుకు. రాతిలో గట్టిగా బిగిసి ఉంటుంది కాబట్టి ముట్టుకున్నంత మాత్రాన ఏమీ కాదు, చేతులు కడుక్కుంటే చాలు. నోట్లో పెట్టుకునే వస్తువు మాత్రం కాదు. మా సారేమో దాన్ని ఆ వారమంతా వచ్చినవాళ్ళకల్లా నాకి చూపిస్తున్నారు.

వెళ్ళి మర్యాదగా చెప్పాను. అంతా విన్నారు. అద్దాలు తుడుచుకున్నారు.

"యూనివర్సిటీలో మిషనుండాది. నాకు నాలికుండాది. నీ మిషను పుట్టకముందు నుంచీ నాకతాండా. విసమైతే ఇన్నాళ్ళూ నాకినోన్ని ఎట్లుండాను?"

లేచి మేడ దిగాను. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళితే, ఆయన ఫైలు నుంచి తల ఎత్తకుండా "ఆయన సీనియరు, నువ్వు టెంపరరీ, సూసుకోమ్మా" అన్నారు. ఖనిజాలను వర్గీకరించడం రాకపోయినా మనుషులను వర్గీకరించడం మా కాలేజీలో అందరికీ వచ్చు.

ఆ తర్వాతి వారమే కుప్పంలో ఒక హైస్కూల్లో సైన్సు ఎగ్జిబిషను. మా డిపార్టుమెంటు తరఫున ఒక టేబుల్. సారు, నేను, మా డిగ్రీ పిల్లలు పొద్దున్నే బస్సులో బయల్దేరి పలమనేరు, వి.కోట మీదుగా వెళ్ళాం. దారిపొడవునా రాయి సారు ఒళ్ళోనే ఉంది. అక్కడ తెల్లగుడ్డ పరిచి, మధ్యలో రాయి పెట్టి, చుట్టూ బంతిపూలు పెట్టించారు. ఒక్క కొబ్బరికాయ కొట్టడమే తక్కువ. స్కూలు పిల్లలు మూగారు. సారు రాయెత్తి అందరికీ చూపించి, ఒకసారి తాను నాకి, చప్పరించి, ఆ తర్వాత నా కాళ్ళ కింద నేల కదిలే మాట అన్నారు.

"బొమ్మలు సూస్తే సదువు రాదప్పా. నాకి సూడాల. ఒక్కొక్కరే రాండి, వరసగా రాండి!"

పోలియో చుక్కలకు నిలబడ్డట్టు పిల్లలు వరస కట్టారు. కొందరు ఇంకా పది మంది వెనక ఉండగానే నాలుకలు చాపేశారు. అందరికంటే ముందు ఎర్ర రిబ్బన్ల జడలు వేసుకున్న ఒక చిన్నపిల్ల. నేను సారు పక్కకు దూరాను.

"సార్, వొద్దు సార్. ఆర్సెనేటు సార్" అన్నాను చెవి దగ్గర.

"మా చిన్న మేడమ్‌కు బయం" అని సారు పిల్లలకు చెప్పి నవ్వారు. పిల్లలూ నవ్వారు.

"రేయ్, అది విషం! ఎవరూ నాకొద్దు!" అని అరిచాను. నేను చేసిన పరమ తెలివితక్కువ పని అదే. అంతవరకు వెనక నిలబడి బద్ధకంగా చూస్తున్న మగపిల్లలంతా తోసుకుంటూ ముందుకొచ్చారు. "విసమా మేడం? ఫస్టు నేను! ఫస్టు నేను!"

రిబ్బన్ల పిల్ల నాలుక రాతికి తగలబోతుండగా సారు చేతిలోంచి రాయి లాక్కుని పరిగెత్తాను. వెనక సారు, "ఏమ్మా! ఇయ్యి ఈడ!" అంటూ. ఆయన వెనక మా డిగ్రీ పిల్లలు, వాళ్ళ వెనక స్కూలంతా. గేటు బయట ఒకామె మొక్కజొన్న కంకులు కాలుస్తోంది. పక్కనే మా మామ. తాను తెచ్చిన రాయిని ఎగ్జిబిషన్లో పెట్టారని క్వారీ నుంచి టిప్పరు వేసుకుని మరీ వచ్చి, కంకి తింటూ నిలబడ్డాడు.

"మామా, పిల్లల్ని రానీకు!"

ఎందుకని అడగలేదు. గేటుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. సారొక్కరే ఆయన చంక కింద నుంచి దూరి వచ్చారు. నేను భుజాన సంచీలోంచి సుత్తి తీసి ఒక పెళ్ళ రాల్చి బొగ్గుల మీద వేసి ఊదాను. కంకులామె తిట్లు అందుకుంది. తెల్లగడ్డ వాసన లేచింది.

సారు చెయ్యెత్తి నన్ను ఏదో అనబోయారు. ముక్కుకు వాసన తగిలింది. ముప్పై ఏళ్ళ అలవాటు మనిషిని అడగదు కదా, నోరు దానంతటదే పాఠం మొదలెట్టింది. "బొగ్గుల మింద ఏస్తే తెల్లగడ్డ వాసనొస్తే..."

గేటు లోపల నుంచి మా డిగ్రీ పిల్లలు ఒక్క గొంతుతో, "ఆర్సెనిక్ సార్!"

 సారు ఉమ్మడం మొదలుపెట్టారు. రుమాలుతో నాలుక తుడుచుకున్నారు, చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "రెండు వారాల నుంచి నాకతాండానే" అని నావైపు చూశారు, అంతా నేనే చేసినట్టు. కంకులామె బొగ్గులన్నీ పారబోయించి, పిల్లలందరి చేతులూ కడిగించమని హెడ్మిస్ట్రెస్‌కు చెప్పి, సారును మామ టిప్పరెక్కించాం. ఆటోలో వెళితే పరువు తక్కువనే మనిషి రాళ్ళ దుమ్ము సీటు మీద బుద్ధిగా కూర్చున్నారు.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ నా కంటే ఓ రెండేళ్ళు పెద్దదేమో. అంతా విని, "రాయిని యాల నాకినారు సార్?" అని అడిగింది. ఆయన దగ్గర నోట్సు లేని ప్రశ్న అదొక్కటే. పరీక్షలన్నీ చేసి, ఆ రాయి అంత తేలిగ్గా కరిగే రకం కాదు కాబట్టి గండం గడిచిందనీ, ఇకమీద అన్నం తప్ప ఏదీ నోట్లో పెట్టుకోవద్దనీ చెప్పి పంపింది. బయటికొచ్చి సారు బెంచీ మీద కూర్చున్నారు. నెమ్మదిగా అన్నారు.

"ఏ రాయికీ రుసి లేదమ్మా. నాకేం తెలిసేది కాదు. రంగు సూసి చెప్తాంటి. ఒకనాడు ఊరికే నాకితే పడుకున్న పిల్లకాయలంతా లేసి కూసున్యారు. అప్పట్నుంచీ..."

నాకు జాలి కలగాల్సింది. కలగలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలను మేలుకొలపడానికి ఈ మనిషికి పాఠం చెప్పడం తప్ప అన్నీ తోచాయే అనిపించింది. ఒకవేళ కాస్త మెత్తబడి ఉన్నా మూడోరోజు మళ్ళీ గట్టిపడేదాన్నే. బీరువాలో రాయి పక్కన కొత్త చీటీ పెట్టారు. 'కోనికాల్సైట్. అరుదైన ఆర్సెనేటు. గుర్తించినవారు' అని, కింద ఆయన పేరు. పేపర్లో జిల్లా పేజీలో ఫోటో కూడా పడింది. అందులో సారు రాయిని నోటికి ఆమడ దూరంలో పట్టుకున్నారు. ఆ ఏడాది చివర నా టెంపరరీ ఉద్యోగం ముగిసింది. డిపార్టుమెంటులో 'సర్దుకుపోయే మనుషులు' కావాలన్నారు.

ఇప్పుడు సదుం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాత పీరియడు, తొమ్మిదో తరగతి, లోహాలూ ఖనిజాలూ పాఠం. నిజమైన యాసిడ్, నిజమైన రాళ్ళు, ఒక్క తప్పు మాట లేదు. అయినా వెనక బెంచీలో ఒకడి తల వాలుతుంది, దాన్ని చూసి రెండోది, కాసేపటికి సగం తరగతి బల్లల మీద. చేతిలో రాయి ఉంటుంది. నోట్లో నాలుక ఉంటుంది. ఒక్కసారి చాపితే అందరూ లేచి కూర్చుంటారని నాకు బాగా తెలుసు. గట్టిగా పళ్ళు బిగించుకుంటాను. నిజం చెబితే చాలు, లోకం లేచి కూర్చుంటుందని నమ్మి పుంగనూరులో బస్సెక్కిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. లోకం సంగతి దేవుడెరుగు, నేనింకా వెనక బెంచీని లేపలేకపోతున్నాను.