డాక్టరమ్మగారి కారు చక్రాలు

మొన్న మా అల్లుడు గుడివాడ మార్కెట్ దగ్గర మలుపు తిప్పుతూ కొత్త కారు ముందు చక్రాన్ని సిమెంటు గట్టుకు రాసేశాడు. అల్లాయ్ చక్రం కదా, అంచు మీద జానెడు పొడవున గీత పడేసరికి అతని ముఖం వాడిపోయింది. వెంటనే చక్రాలు అమ్మే దుకాణానికి తీసుకువెళ్తే, అక్కడి యజమాని కుర్చీలోంచి లేవకుండానే చూసి, “బాగుచేయించడం దండగండీ, కొత్తది వేసేద్దాం” అన్నాడు. నేను బండి దిగి, వంగి, ఆ గీత మీద గోరు పెట్టి చూశాను. గోరు దిగలేదు. పైపూత లేచిందే గాని లోహానికేమీ కాలేదు. కాస్త ఓపిక ఉంటే ఒక పూటలో అయిపోయే పని. ఆ మాట అంటే అల్లుడి ముందు అత్తగారి అధికప్రసంగం అవుతుందని ఊరుకున్నాను గాని, ఇంటికి వచ్చాక కూడా మనసు ఊరుకోలేదు. నలభై ఏళ్ళ కిందటి ఒక వేసవి అదేపనిగా గుర్తుకు వస్తుంటే, నా ఈడు వాళ్ళతోనైనా చెప్పుకుందామని ఇలా కూర్చున్నాను.

మాది బందరు. రోల్డుగోల్డు నగలనగానే అందరికీ గుర్తొచ్చే ఊరు. మా అబ్బా, అంటే మా నాన్న, కూడా ఆ పని మీదే బతికాడు. ఇత్తడి గాజులూ గొలుసులూ బంగారు పూతకు వెళ్ళే ముందు వాటిని కడిగి, రుద్ది, అద్దంలా మెరుగుపెట్టడం మా పని. ఇంటి ముందు గదే కొట్టు. ఒక మోటారు, దానికి బిగించిన గుడ్డ చక్రం, గోడవారన మందునీళ్ళ తొట్లు, అంతే మా ఆస్తి. నాకు ఇరవై మూడేళ్ళు వచ్చేసరికి అబ్బా చేతులకు వణుకు పట్టుకుంది. గాజు జారి మోటారుకు చిక్కుకుంటే వేళ్ళు పోయే పని అది. అంచేత ఆయన పీట మీద కూర్చుని చెప్పేవాడు, నేను చేసేదాన్ని. బయటివాళ్ళకు మాత్రం అంతా ఆయనే చేస్తున్నట్టు చెప్పేవాళ్ళం. ఆడపిల్ల మెరుగుపెట్టిందని తెలిస్తే వర్తకులు సరుకు ఇవ్వడం మానేస్తారని ఆయన భయం. పొద్దస్తమానం పనిచేసి, గుమ్మంలో మనిషి అలికిడి కాగానే చేతులు తుడుచుకుని లోపలి గదిలోకి తప్పుకోవడం నాకెంత కష్టంగా ఉండేదో ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ రోజుల్లో చల్లపల్లిలో ఆస్పత్రి పెట్టుకున్న ఒక డాక్టరమ్మగారు తన గాజులకు మళ్ళీ మెరుగు పెట్టించుకోవడానికి ఏడాదికోసారి మా కొట్టుకు వచ్చేవారు. యాభై దాటిన మనిషి. వాళ్ళ నాన్నగారు ఎప్పుడో పై దేశం నుంచి ఓడలో తెప్పించుకున్న కారును తానే నడుపుకుంటూ వచ్చేవారు. ముదురాకుపచ్చ రంగు, గుండ్రటి దీపాలు, అప్పటికే అది ముసలి బండి. వారానికి రెండుసార్లు దివిసీమ లోపలి ఊళ్ళకు, నాగాయలంక వైపు, కోడూరు వైపు, ఆ కారులోనే వెళ్ళి రోగులను చూసి వచ్చేవారు. ఆ వేసవి ఆరంభంలో ఒకరోజు ఆవిడ మా కొట్టు ముందు కారు ఆపి దిగేసరికి వెనక చక్రంలో గాలి సగం దిగిపోయి ఉంది. ఆ వారంలో అది మూడోసారట. ఆవిడ అబ్బాతో చెప్తుంటే తలుపు చాటునుంచి విన్నాను. టైరులో లోపం లేదు, ట్యూబులేని టైర్లు, ఆ అల్లాయ్ చక్రాన్నే ఉప్పుగాలి తినేసి టైరు అంచు ఆనే చోటల్లా గుంటలు పడ్డాయట. అందులోంచి గాలి జారిపోతోంది. మామూలు ఇనప చక్రాలు ఆ కారు బోల్టులకు పట్టవు. గుడివాడలో ఆవిడ కారు చూసే మేస్త్రీ, ఇక బండి అమ్మేసుకోమని తేల్చి చెప్పేశాడట. చెప్తూ చెప్తూ, “దారిలో ఇలా కూలబడితే అవతల మనిషి ప్రాణం ఏమవుతుంది సాయిబుగారూ” అన్నారు.

నేనెందుకు బయటికి వచ్చానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. వచ్చి, ఆ చక్రం ముందు గొంతుక్కూర్చుని వేలితో తడిమాను. పూత కింద తెల్లటి పొడి, అక్కడక్కడా పురుగు పాకినట్టు చారలు. అంచు చెడింది గాని నడుమ గట్టిగా ఉంది.

“డాక్టరమ్మగారూ, ఇది నేను బాగుచేస్తానండీ.”

“ఇలాంటిది ఎప్పుడైనా చేశావా?”

“లేదండీ. కానీ మీ చేతికున్న గాజులు మెరుగుపెట్టింది నేనేనండీ. పోయినేడూ నేనే, అంతకుముందేడూ నేనే.”

అబ్బా తల వంచుకున్నాడు. ఆవిడ ఆయన వంకా, నా వంకా, తన గాజుల వంకా చూసి, జాకీ తీశారు. చక్రం ఊడదీసి నాకిచ్చి, డిక్కీలో ఉన్న అదనపు చక్రం తనే బిగించుకుని వెళ్ళిపోయారు. అంటే నేను పని పూర్తి చేసేదాకా ఆవిడ దారిలో రెండో ఆధారం లేకుండా తిరగాలన్న మాట.

టైరు విప్పించి, ఇత్తడికి ఎలా చేస్తామో అలాగే మొదలుపెట్టాను. అక్కడే దెబ్బతిన్నాను. పెద్ద ఇనప బాణలిలో కాస్టిక్ సోడా నీళ్ళు వేడిచేసి, మురికీ పాత పూతా ఒక్కసారిగా వదులుతాయని చక్రాన్ని అందులోకి దించాను. ఇత్తడి అయితే శుభ్రంగా తేలేది. ఇది అల్యూమినియం. బుసబుసమని నురగ పైకి లేచింది, కళ్ళు మండిపోయాయి, కొక్కెంతో లాగి బయట పడేసేసరికి చక్రం మసిపట్టిన పెనంలా నల్లగా ఉంది. అబ్బా అరవలేదు. నెమ్మదిగా చాకుమొనతో గీసి చూసి, “పైనే పోయింది బేటీ, లోపల బాగానే ఉంది. కానీ వెళ్ళి నీ నోటితో నువ్వే చెప్పిరా” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే చల్లపల్లి బస్సెక్కాను. దారి పొడుగునా ఎన్ని రకాలుగా చెప్పాలో అనుకున్నవన్నీ ఆస్పత్రి వరండాలో మరిచిపోయి, “పాడుచేశానండీ” అని ఒక్క ముక్క అన్నాను. ఆవిడ చేతులు కడుక్కుంటూ, గట్టితనం పోయిందా, రంగే పోయిందా అని అడిగారు. రంగేనన్నాను. “అయితే ఇక్కడికెందుకొచ్చావమ్మా, పని వదిలేసి” అన్నారు. అంత కోపంగా అన్న మాట నాకు అంత బలాన్నిస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

తిరిగి వచ్చినప్పటినుంచి ఆ చక్రం తప్ప నాకు వేరే లోకం లేదు. నీళ్ళు బాగా కలిపిన నైట్రిక్ యాసిడ్‌లో గుడ్డ ముంచి తుడిస్తే నలుపు పోతుందని అబ్బా చెప్పాడు, అలాగే పోయింది. కింద గరుకుగా, బూడిద రంగులో లోహం తేలింది. ఆపైన వాటర్ పేపరు. ముందు గరుకుది, తరవాత దానికంటే నున్ననిది, ఆ తరవాత ఇంకా నున్ననిది, నీళ్ళు పోసుకుంటూ, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. చక్రం ఆకుల మధ్య సందుల్లోకి మోటారు వెళ్ళదు గనుక గుడ్డపీలికలకు పాలిష్ ముద్ద రాసి వేళ్ళతోనే రుద్దాను. గోళ్ళు అరిగిపోయాయి, అన్నం కలుపుకుంటే కారం మండేది. టైరు ఆనే అంచును మాత్రం అబ్బా దగ్గరుండి చేయించాడు. అక్కడ మెరుపుతో పనిలేదు, వేలు తిప్పితే ఎక్కడా తట్టుకోకూడదు, అంతే.

ఎనిమిదో రోజుకు అందులో నా ముఖం కనిపించింది. కానీ మెరుపు ఎంత బాగున్నా పైన కాపు లేకపోతే మా ఉప్పుగాలికి నెల తిరక్కుండానే మళ్ళీ తెల్లబడుతుంది. నగల మీద కొట్టే పారదర్శకమైన పూతే కొట్టాను. మొదటిసారి సాయంత్రం కొట్టాను. సముద్రపు గాలిలోని తేమ పట్టి పూత పాలు ఒలికినట్టు తెల్లబడింది. అంతా తుడిచేశాను. రెండోసారి మధ్యాహ్నం కొడితే, సరిగ్గా ఆ గంటకే గాలి సముద్రం వైపు నుంచి మళ్ళింది. మళ్ళీ తుడిచాను. మూడోసారికి తెలివొచ్చింది. పడమటి గాలి పొడిగా, సెగలు కక్కుతూ వీచే రోజు కోసం ఆగి, పదింటికల్లా చక్రాన్ని డాబా మీద ఎండలో పెట్టి, చెయ్యి పెడితే వెచ్చగా తగిలేదాకా ఉంచి, పల్చగా మూడు పూతలు కొట్టాను. మా సందులో అందరూ ఆ వడగాలిని తిట్టుకుంటుంటే నేనొక్కదాన్నే అది ఆగకూడదని కోరుకున్నాను. పూత నీళ్ళలా తేటగా ఆరింది.

డాక్టరమ్మగారు నన్నూ అబ్బానూ కారెక్కించుకుని గుడివాడ మేస్త్రీ దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆయన చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, టైరెక్కించి, గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచాడు. ఒక్క బుడగ వచ్చినా చాలు, మా పని అయిపోయినట్టే. ఆయన చక్రాన్ని మెల్లగా చుట్టూ తిప్పాడు. నీళ్ళు కదలకుండా నిలిచేదాకా చూశాడు. మళ్ళీ తిప్పాడు. బుడగ రాలేదు.

“సాయిబుగారూ, ఈ వయసులో మీ చేతుల్లో ఇంత పనుందని అనుకోలేదండీ” అన్నాడు.

అబ్బా వణుకుతున్న రెండు చేతులూ ఎత్తి ఆయనకు చూపించాడు. “ఈ చేతులతోనా? మా అమ్మాయి చేసిందండీ. మూడేళ్ళనుంచి నా కొట్లో పనంతా తనదే.”

మేస్త్రీ పానా చేతిలోకి తీసుకున్నాడు. తరవాత నా వైపు తిరిగి, “అయితే ఎడమవైపుది కూడా ఇప్పుడే విప్పేస్తానమ్మా, పట్టుకెళ్ళండి” అన్నాడు. నాకప్పుడు ఏడుపొచ్చింది గాని, నలుగురు మగవాళ్ళున్న షెడ్డులో ఏడవడం ఇష్టం లేక ఆ రెండో చక్రాన్ని రెండు చేతులా ఎత్తుకుని కారు దాకా నేనే మోశాను.

వానలు పట్టేలోగా అయిదూ పూర్తిచేశాను. ఆ వానాకాలమంతా చల్లపల్లి నుంచి వచ్చే బస్సు కండక్టరు వారానికోసారి మా కొట్టు ముందు ఆగి, “గాలి దిగలేదని డాక్టరమ్మగారు చెప్పమన్నారండీ” అని కేకేసి వెళ్ళేవాడు. అంతకుమించి ఒక్క పొగడ్త లేదు. వర్తకులు సరుకు మానలేదు. ఒకరిద్దరు మానినా, గుడివాడ మేస్త్రీ పంపే చక్రాలతో ఆ లోటు పూడింది. పెళ్ళయ్యాక కూడా బందరులోనే ఉండి, అబ్బా పోయాక ఆ కొట్టు నేనే నడిపాను, చూపు మందగించేదాకా. ఎవరొచ్చినా లోపలి గదిలోకి మాత్రం మళ్ళీ ఎన్నడూ తప్పుకోలేదు.

డాక్టరమ్మగారు పోయి చాలా ఏళ్ళయింది. కారును ఎవరో పాత బండ్ల మీద మోజున్న ఆయన కొనుక్కుపోయారని విన్నాను. ఇప్పుడు యంత్రాలొచ్చాయి, నేను ఎనిమిది రోజులు రుద్దిన పని గంటలో చేస్తాయట. దానికి నాకేమీ బాధ లేదు, అరిగిన గోళ్ళ మీద ఎవరికి మమకారం ఉంటుంది? కానీ తిరిగి దొరకని వస్తువును, ఆ పని ఎన్నడూ చేయలేదని నోటితో ఒప్పుకున్న పిల్ల చేతిలో పెట్టి, ఆ పిల్ల ఒకసారి పాడుచేసిందని తెలిసి కూడా మళ్ళీ ఆ పిల్లకే వదిలిన మనుషులుండేవారు. అలాంటి నమ్మకం ఒక్కసారి దొరికితే మనిషి జన్మంతా దానికి తగ్గట్టు నిలబడాలని చూస్తుంది. ఇప్పటి పిల్లలు నాకంటే ఎంతో నేర్పరులు. వాళ్ళ చేతిలో అలా పెట్టేవాళ్ళెవరా అని మాత్రం అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను.