సావిత్రి మేడం లేని శనివారాలు

ఈ ఉదయం మా ఆసుపత్రిలోని పిల్లల గదికి కొత్తగా బంకమన్ను తెచ్చారు. తడిగుడ్డ విప్పగానే వచ్చిన వాసనకు సావిత్రి మేడం గుర్తొచ్చారు.

తొంభైలలో, వరుసగా వానలు తప్పి వేరుశనగ చేలు ఎండిపోయిన కాలంలో, నేను కర్ణాటకలోని తెలుగు మాట్లాడే ఊరు పావగడలో పిల్లల మనోచికిత్స నేర్చుకుంటున్నాను. మేడం అక్కడికి దగ్గర్లోని వై.ఎన్.హొసకోటలో అంగడి నడిపేవాళ్ల బిడ్డ. బెంగళూరులో స్థిరపడినా, మాకు పని నేర్పడానికి ప్రతి శనివారం బస్సులో వచ్చేవారు. నేను పిల్లలతో కూర్చుంటే ఆమె ఒక మూలన ఉండి చూసేవారు.

బలసముద్రం నుంచి ఒక అవ్వ ఆరేళ్ల మనవరాలు గంగను తీసుకొచ్చింది. "వాళ్లమ్మ కూలికని బెంగళూరు పోయినప్పట్నుంచి నోరు తెరిసేదే లేదమ్మా" అంది. నేను ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాను. గంగ తల ఎత్తలేదు.

వాళ్లు వెళ్లాక మేడం అడిగారు. "ఆ బిడ్డ గమ్మునుంటే నీకేమైతాది?"

"భయమైతాది మేడం."

ఎందుకని ఆమె అడగలేదు. చివరికి నేనే చెప్పాను, మా అమ్మ చనిపోయిన ఏడాది మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదని. అంతా విని, "అది నీ దుఃఖం. గంగది వేరే. రెండూ కలపొద్దు" అన్నారు మెల్లగా.

మరుసటి వారం నేను ప్రశ్నలు మానేశాను. గంగ మన్నుతో రెండు బొమ్మలు చేసింది. ఒకటి ఒడిలో పెట్టుకుని, రెండోదాన్ని గోడ దగ్గర వదిలి వచ్చింది.

"అమ్మ దూరంగా ఉండాది" అన్నాను.

"రాదు" అంది గంగ.

మా గదిలో ఆ పిల్ల పలికిన మొదటి మాట అది. 'వస్తుందిలే' అనబోయి మేడం వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఆడించారు.

"రాదేమోనని భయంగా ఉండాదా?" అని గంగను అడిగాను.

గంగ గొల్లుమంది. అవ్వ లోపలికి పరుగెత్తుకొచ్చింది. "ఏడవనీ అవ్వా. ఇన్నాళ్లూ యాడ ఏడ్సింది ఆ బిడ్డ?" అన్నారు మేడం.

వానలు పడ్డాక తల్లి తిరిగొచ్చింది. మా ముందే గంగ ఆమెను పిడికిళ్లతో కొట్టింది, "యాడికి పోయినావు?" అని అరుస్తూ. తల్లి ఆ దెబ్బలన్నీ తిని, కూలబడి, పిల్లను పొదువుకుంది. మేడం కళ్లు తుడుచుకున్నారు.

మేడం చనిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా దగ్గర ఈ పని నేర్చుకునే విద్యార్థులు తమ బరువు తెచ్చి నా ముందు దించుకుంటారు, నేను వింటాను. నాది వినేవాళ్లు లేరు. ఏదో ఒక పిల్ల ఏడుపు నాతో ఇంటిదాకా వచ్చిన రోజున, దారి పొడుగునా మేడంకే చెప్పుకుంటాను, మా పావగడ మాటల్లోనే. జవాబు రాదని తెలుసు. అయినా చెప్పుకోనిదే మర్నాడు ఇంకో బిడ్డ ముందు కూర్చోలేను.