పసుపుకు వదిలిన మూలలు

మనుమరాలి శుభలేఖ కోసం రాజమండ్రిలోని డిజైన్ దుకాణంలో అడుగుపెట్టగానే, అద్దంలా మెరిసే కార్డుల ప్లాస్టిక్ వాసన నా ముక్కుకు తగిలింది, విసుగు ముంచుకొచ్చింది. నాలుగు మూలల పసుపు కూడా అచ్చులోనే వచ్చేస్తుందట. ఇంట్లో ఎవరూ వేలు తడుపుకోనక్కరలేదట.

మా నాన్నగారి అచ్చుయంత్రం మా వీధిగదిలోనే ఉండేది. మాఘమాసపు ముహూర్తాలు దగ్గరపడితే సిరా, కిరసనాయిలు, కొత్త కాగితం వాసనలు వంటింట్లో వేగే మినపప్పు కమ్మదనంతో కలిసి మా పాఠ్యపుస్తకాల్లోకి కూడా పాకేవి. అంచులు కోయగా రాలిన కాగితపు పీలికలతో దండలు కట్టి మేము బొమ్మల పెళ్లిళ్లు చేసేవాళ్లం. ఒక్కో రంగుకు ఒక్కో బొమ్మ విడిగా గీయాలి, అచ్చులో అవి వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదానిపై ఒకటి కూర్చోవాలి, కత్తి పడే అంచుకు అక్షరం దూరంగా ఉండాలి. ఈ నియమాలలో చుట్టరికాలకు మినహాయింపు లేదు.

ఆయన చెల్లెలు, మా శారదత్తయ్య, తన పెళ్లి శుభలేఖకు తానే బొమ్మ గీసుకుంది. అంచుల వెంట ఆకుపచ్చని తీగలు అల్లి, మూలమూలకూ ఎర్రని పువ్వు నిలిపింది. నాన్నగారు ఒక్కసారి చూసి పక్కన పెట్టేశారు.

"మూలల్లో పువ్వులేంటే? అమ్మ పసుపెక్కడ పెడుతుంది?"

"పువ్వుల మీదే పెట్టమను అన్నయ్యా. నా పెళ్లి, నా బొమ్మ."

"ఎరుపు మీద పసుపంటే పుండు మీద మందు రాసినట్టుంటుంది. తీసెయ్."

"శుభమా అని పెళ్లి మాటలాడుతుంటే పుండేంట్రా?" అని నాయనమ్మ వంటింట్లోంచి కసిరింది. అత్తయ్య ఆ పూట అన్నం మానేసింది.

మర్నాడు ఆమె తెచ్చిన కాగితంలో తీగలు అలాగే ఉన్నాయి. ప్రతి మూలలోనూ తొడిమ ఉంది, రెండు ఆకులున్నాయి, పువ్వు మాత్రం లేదు. నాన్నగారు దాన్ని అచ్చుకు ఎక్కించారు. నాయనమ్మ పసుపు వేలితో అద్దుతున్నకొద్దీ తొడిమ తొడిమకూ ఒక పువ్వు పూసింది. ఏ రెండూ ఒక్కలా లేవు.

ఇప్పుడు ఆ యంత్రం లేదు. పసుపుగిన్నె చుట్టూ చేరి శుభలేఖలు ఆరబెట్టే సందడీ లేదు. పంచినవన్నీ ఎవరెవరి ఇళ్లలోనో పోగా, మాకు మిగిలింది పసుపు తగలని నమూనా ప్రతి ఒక్కటే. గీత మారకుండా ఇలాగే వేయమని నొక్కి చెప్పి దానిని డిజైనరు చేతికిచ్చి వచ్చాను.

సాయంత్రం ఆయన నుంచి ఫోనుకు బొమ్మ వచ్చింది, వెంటనే మాట కూడా: "పాతదాంట్లో పువ్వులు మర్చిపోయారండి. నేను పెట్టేశాను."

నాలుగు మూలల్లోనూ నాలుగు పువ్వులు, అన్నీ ఒక్కలాగే.