బాపు గుర్రు, మగ్గం చప్పుడు

రాత్రి నిద్రలో పెట్టుకోమని మా తమ్ముడి కోసం దవాఖాన నుంచి తెచ్చిన ఊపిరి మిషను, ముక్కు తొడుగుతో సహా, మొన్న సోమవారం మళ్ళీ అట్టపెట్టెలోకి చేరింది. చిన్నకోడూరు దారిలో ఆటో నడుపుతూ పట్టపగలు కునికి చెట్టుకు గుద్ది, మోచేతి గీతతోనే బయటపడ్డవాడు, దాన్ని రెండు రాత్రులు కూడా పెట్టుకోలేదు. "గుర్రానికి దాణ సంచి కట్టినట్టు కట్టుకొని పండాల్నా అక్కా? బాపు గుర్రు పెట్టలేదా? నాది గూడ గదే," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మా బాపు, అంటే నాన్న, గుంట మగ్గం నేసేవాడు. ఏ ఇంట్లో పని సాగుతోందో వీధిలోంచే చప్పుడును బట్టి చెప్పగలిగిన కాలం అది, నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నేను పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేదాన్ని. చప్పుడు ఆగిందంటే బాపు, పడుగులోంచి నూలు నడిపే నాడె చేతిలో పట్టుకునే కునికాడన్నమాట. "ఏందయ్యో, చీర నేస్తున్నవా, కలగంటున్నవా?" అని మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్ళం, వంటింట్లోంచే కేకేసేది. కునికినచోట నేత పలచబడేది, బట్ట కొనే సేటు అక్కడే వేలుపెట్టి బద్ధకస్తుడనేవాడు. దీపాలు పెట్టగానే పడుకుని కోడి కూసేదాకా లేవని మనిషికి పగలు మళ్ళీ నిద్రెందుకో, లెక్క తేలందే ఊరుకోని నాకు ఆ ఒక్క లెక్క ఏనాడూ తేలలేదు.

బాపు గుర్రు మా ఇంటికి గొప్ప. కడుపు నిండినవాడి నిద్ర అని అవ్వ పొరుగువాళ్ళతో చెప్పుకునేది. ఆ గుర్రు ఉన్నట్టుండి ఆగిపోయేది. "సప్పుడు చెయ్యకున్రి, ఇప్పుడే మంచిగ నిద్ర వట్టింది," అని అవ్వ మా నోళ్ళు మూయించేది. కాసేపటికి నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా ఎగశ్వాసతో మళ్ళీ మొదలయ్యేది. బావిలో మునిగిపోతున్నట్టు కల వచ్చిందని బాపు పొద్దున చెబితే, అవ్వ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసేది.

నిద్రలో గొంతు కండరాలు వదులై ఊపిరి దారి మూసుకుపోతుందనీ, మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం లేపుతుందనీ, లేచినట్టు ఆ మనిషికే తెలియదనీ తమ్ముణ్ణి చూసిన డాక్టరమ్మ చెప్పింది. కలలు వచ్చే నిద్రలో కండరాలు మరీ వదులవుతాయట, ఏళ్ళ తరబడి సాగితే గుండెకు చేటట. అంటే బాపు రాత్రంతా పడుకున్నాడే గాని నిద్రపోలేదు.

ఆ రోజుల్లోనే ఒక ఏడు, బతుకమ్మ పండుగకు ముందటి ఆదివారం తెల్లవారాక బాపు లేవలేదు. పుణ్యాత్ముడు, నిద్రలో పోయాడని వచ్చినవాళ్ళంతా అన్నారు, ఇన్నేళ్ళూ ఆ మాటే మాకు ఆసరా. బాపు పోయింది ఈ జబ్బుతోనేనని డాక్టరమ్మ అనలేదు, నేనూ అనను. కాని ఆ ఆసరా మాత్రం ఇక నిలవదు. పగలు మగ్గం ఆగితే కేకేసి లేపిన ఇల్లే, రాత్రి ఊపిరి ఆగితే సంతోషించింది.

ఇప్పుడు మా వీధిలో మగ్గాలు లేవు, ఆగడానికి ఏ చప్పుడూ మిగల్లేదు, తమ్ముడి గుర్రు తప్ప. అన్నం తిని అరుగు మీది మంచంలో పడుకున్నాడు. నేనిది రాస్తుండగానే గుర్రు ఆగింది. కలం పక్కన పెట్టి గట్టిగా పిలిచాను. ఉలిక్కిపడి, "పండనియ్యవా అక్కా," అని విసుక్కుని అటు తిరిగాడు. మళ్ళీ గుర్రు, మళ్ళీ నిశ్శబ్దం. గడపలో మా మరదలు, ఆడుకుంటున్న మనవడికి పెదవుల మీద వేలు పెట్టి చూపిస్తోంది.