తప్పు చెప్పి ఆగిపోయే మిషనే కావాలన్న మా డేవిడ్ అన్న

నిన్న పొద్దున ల్యాబ్‌లో శాంపిల్స్ తీసుకుంటుంటే వదిన ఫోన్.

"సునీతా, మీ అన్న పోయిండు" అంది.

నమ్మలేక మళ్లీ నేనే ఫోన్ చేశాను. పాపం, ఆ మాట ఆమెతో రెండోసారి చెప్పించాను.

ఎవరి ఆఫీసులోనో సర్వర్ బిగిస్తూ కూలబడ్డాడట. దవాఖానకు తీసుకెళ్లేసరికే ప్రాణం లేదు.

హన్మకొండలో నా బ్లడ్ టెస్ట్ ల్యాబ్ తెలిసిన వాళ్లకు డేవిడ్ అన్న తెలుసు. మా కంప్యూటర్లన్నీ ఆయన బిగించినవే. సొంత అన్న కాదు. కానీ సొంత అన్నలు అంత కసురుకోరు.

మడికొండ, ధర్మసాగర్‌లలో కలెక్షన్ సెంటర్లు పెట్టినప్పుడు రిపోర్టులన్నీ ఒకేచోట ఉండడానికి సర్వర్ కావాల్సి వచ్చింది.

అన్న రెండు కొటేషన్లు తెచ్చాడు. ఒకటి మామూలు కంప్యూటర్ ప్రాసెసర్. స్పీడ్ ఎక్కువ, ధర సగం. రెండోది సర్వర్ ప్రాసెసర్. స్పీడ్ కాస్త తక్కువే, కానీ మెమరీలో తప్పు పడితే పట్టుకుంటుంది.

నేను సగం ధరదాని మీదే వేలు పెట్టాను. కొత్తిమీర కట్ట కూడా బేరం ఆడకుండా కొనని దాన్ని.

"గీ సస్తా ధరది మంచిగనే నడుస్తది చెల్లె. గదే నా భయం" అన్నాడు. "లోపల తప్పు పడ్డా చెప్పది. నడుస్తనే ఉంటది. పదకొండు ఉన్న హిమోగ్లోబిన్‌ను మూడని చూపిస్తే ఎట్ల?"

"ఖరీదుదాంట్లో తప్పు పడదా?"

"పడ్తది. సరిజేసుకుంటది. చాతగాకపోతే తప్పయిందని చెప్పి ఆగుతది. ఆగినదాన్ని బాగుచేయొచ్చు. అబద్ధం చెప్పేదాన్ని ఏం జేస్తం?"

కొన్నాను. తిట్టుకుంటూనే కొన్నాను.

ఆ ఎండాకాలమే అది ఆగింది. పరగడుపున వచ్చిన పేషెంట్లు హాల్ నిండా ఉన్నారు. ఫోన్ చేసి అన్నను నోటికొచ్చినట్టు అన్నాను.

స్కూటర్ మీద వచ్చాడు. స్క్రీన్ చూసి సంబరపడ్డాడు. అంతమంది గొణుగుతుంటే ఆయన సంబరం చూసి నాకు ఒళ్లు మండింది.

"చూడు చెల్లె, మెమరీ పాడైందని అదే చెప్పింది. తప్పుడు రిపోర్ట్ ఇయ్యకుండ ఆగింది" అంటూ ఆ ముక్క పీకి కొత్తది పెట్టాడు.

పోయిన వారం సర్వర్ దుమ్ము దులపడానికి వచ్చాడు. ఏసీ గదిలో చొక్కా తడిసిపోయింది. ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు.

ఈసీజీ మిషన్ పక్క గదిలోనే ఉంది. రమ్మన్నాను. చెయ్యి పట్టి లాగాను.

"గ్యాస్ చెల్లె. ఫికర్ జేయకు" అని నవ్వి, స్కూటర్ స్టార్ట్ చేసి పోయాడు.

ఇవాళ మధ్యాహ్నం సమాధుల తోట నుంచి వచ్చాక వదిన నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది.

"వారం సంది కూసొనే పండుతుండె సునీతా. ఏమైందంటే మెత్త మంచిగ లేదన్నడు. నేను కొత్త మెత్త తెచ్చిన."

ఆ మెత్త, ఆ కొత్త దిండు, ఇంకా మంచం మీదే ఉంది. కవర్ కూడా తీయలేదు.

నాకు గ్యాస్ అని చెప్పాడు. ఆమెకు మెత్త అని చెప్పాడు. అందరి మిషన్లూ నిజం చెప్పాలని పోట్లాడిన మనిషి, తన దగ్గరికి వచ్చేసరికి లోపల అంత తప్పు పెట్టుకుని నడుస్తూనే ఉన్నాడు.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తోంది అన్నా. ఒక్క పూట ఆగితే నీ సొమ్మేం పోయేది? మేం బాగుచేయించుకునేవాళ్లం కదా.

ఈ పోస్ట్ చదివేవాళ్లు ఎవరైనా భుజం నొక్కుకుంటూ ఉంటే, లేచి డాక్టర్ దగ్గరికి పొండి. ఇప్పుడే.

వెళ్లిరా డేవిడ్ అన్నా. ఇక దాచాల్సిన నొప్పి లేదు. ప్రభువు దగ్గరైనా నడుం వాల్చి, హాయిగా పడుకో.