కోళ్ళ పంచాయితీ తీర్చిన పెద్దమ్మ

"పెద్దమ్మ పోయినాది మే. వస్తే రా," అని అన్న ఫోన్ పెట్టేశాడు. నాలుగేళ్ళలో అన్న నాతో మాట్లాడిన మొదటి మాట అది. ఆమె మాకు రక్త సంబంధం కాదు. ఎమ్మిగనూరులో మా పుట్టింటి పక్కిల్లు. ఊహ తెలిసినప్పటి నుంచి పెద్దమ్మా అని పిలిచాం కాబట్టి పెద్దమ్మే. ఆదోని బస్టాండులో నలుగురి మధ్య నిలబడి ఏడ్చాను. ఆమె కోసమా, నా కోసమా అంటే ఇప్పటికీ చెప్పలేను.

నేను ఆదోనిలో పోటీ పరీక్షల పిల్లలకు రీజనింగ్ చెబుతాను. అందులో ఒక రకం ప్రశ్న ఉంటుంది. ఇద్దరు వాదించుకుంటారు; వాళ్ళకు అసలు తేడా ఎక్కడ వచ్చిందో, ఇచ్చిన నాలుగు జవాబుల్లోంచి పట్టుకోవాలి. పిల్లలు ఎక్కువగా ఒకరు ఎత్తనైనా ఎత్తని సంగతిని పట్టుకుని మార్కు పోగొట్టుకుంటారు. "ప్రతి జవాబునూ ఇద్దరి ముందూ పెట్టండి. ఒకరు అవునని, ఒకరు కాదని అంటేనే అది తేడా. ఒకరు నోరెత్తని సంగతైతే కొట్టేయండి" అంటాను. మేడమ్ భలే చెబుతుందని పిల్లలకు పేరు. ఆ తెలివి మేడమ్‌ది కాదు, వేలిముద్ర వేసే పెద్దమ్మది. ఈ మాట ఒక్క క్లాసులోనూ చెప్పలేదు. ఆమెకూ చెప్పలేదు.

ఆమె గడప దగ్గర కూర్చుని రాట్నం మీద మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. వీధిలో ఎవరు పోట్లాడుకున్నా ఆ గడపకే వచ్చేవాళ్ళు. చేయి ఆపకుండా వినేది. అసలు మాట బయటపడిన చోట మాత్రం రాట్నం ఆగేది. ఒకసారి వీధిలో, మగ్గానికెక్కించే పడుగు నూలు సాగదీసి గంజి పెడుతున్న ఒకామె, ఎదురింటి కోళ్ళు దారాలన్నీ తొక్కాయని కేకలేసింది. ఎదురింటామె కొంగు బిగించి వచ్చింది.

"మా కోళ్ళు ఒగరింట్లో గింజ ముట్టేటివి కాదు!"

రాట్నం ఆగింది. "ఆయమ్మ నీ కోళ్ళు దొంగవి అన్లేదు గదమ్మా. తొక్కినాయి అనింది. తొక్కినాయా, లేదా?"

"తొక్కినాయి."

"మరి కొట్లాట యాడుంది? పోయి పోగులు అతుకు పో."

పంచాయితీ అయ్యాక ఇద్దరికీ ఒకే చేటలో బొరుగులు పోసి ఇచ్చేది. లోపల కోపం మిగిలి ఉంటే తినేటప్పుడు తెలిసిపోతుందట. "ఎదుటోళ్ళ మాట నీ నోటితో సెప్పు, సగం కోపం ఆడ్నే పోతాది" అనేది.

మా వంతు నాయన పోయాక వచ్చింది. ముందు గదిలో ఆయన గుంత మగ్గం ఉండేది; గుంతలో కాళ్ళు పెట్టి, అడుగున పలకలు ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ నేసేవాడు. అన్న నేతపని మానేసి ఆటో తోలుతున్నాడు. గుంత పూడ్చేస్తున్నాడని తెలిసి ఆదోని నుంచి పరుగెత్తుకుని వచ్చాను.

"నాయన మగ్గం అమ్ముకుంటావా?" అన్నాను, చెప్పులు కూడా విడవకుండా.

"నా బిడ్డ రెండు తూర్లు గుంతలో పడింది. కాలు ఇరిగినంక పూడ్సల్లా?"

"అమ్మేదానికి నేనొప్పుకోను!"

పక్కింటి గడపలో రాట్నం ఆగింది. పెద్దమ్మ లేచి వచ్చింది. "ఉండు మే. మీ యన్న ఏమన్నాడో ఒగసారి నీ నోటితో సెప్పు."

"ఇది కోళ్ళ పంచాయితీ కాదు పెద్దమ్మా. నీకేం తెల్సు?"

చదువుకున్నదాన్ని కదా. ఆమె నా ముఖం వైపు చూసి, "సరేలేమ్మా" అని వెళ్ళిపోయింది. తర్వాత రెండుసార్లు, ఒక్కసారి వచ్చి పొమ్మని కబురు చేసింది. నేను పోలేదు.

మొన్న ఆమెను సాగనంపి వచ్చి, నాలుగేళ్ళకు మా ఇంట్లో కాలు పెట్టాను. ముందు గది ఖాళీగా ఉంది.

"మగ్గం యాడ?"

"అమ్మేస్తి," అన్నాడు అన్న. "విప్పి మిద్దె మింద పెడ్తామనుకుంటి. అమ్ముకుంటావా అంటివి. ఆ రోసానికే అమ్మేస్తి. పెద్దమ్మ వద్దనె. నీకు కబురు సేసింది, నువ్వొచ్చేవరకు ఆగమనె. రెండు తూర్లు సేసింది."

అమ్ముతానని ఆ రోజు అన్న ఒక్క మాట కూడా అనలేదు. నా క్లాసులో అందరికంటే వెనుకబడిన పిల్లవాడు కూడా ఆ జవాబును కొట్టేసేవాడు. నేను దాన్నే పట్టుకుని నాలుగేళ్ళు కూర్చున్నాను. తప్పు నాదే అన్నాను.

అన్న కుర్చీ లాక్కుని గుంత ఉన్నచోటే కూర్చున్నాడు. గదంతా పాత బండలు, అక్కడ మాత్రం సిమెంటు. అన్న వీధిలోకి చూస్తున్నాడు. కింద ఆ సిమెంటు మీద అన్న పాదాలు, ఒకటి నొక్కితే ఒకటి లేస్తూ, మగ్గం తొక్కుతున్నాయి.