చెల్లని ఐదున్నర గంటలు

మా ఊళ్లో ఈ కథను ఇలా చెప్తారు: పోలియో కాలు ఆవిడ పంతానికి పోయి చెరువులో దిగింది, మునిగిపోతుంటే మాజీ సర్పంచి చూసి బతికించాడు. నేను మునిగిపోలేదు. ఆయన నన్ను బతికించనూ లేదు. నా ఈత చెడగొట్టాడు.

సముద్రంలో వంతులవారీగా ఈదే వికలాంగుల జట్టులో ఒక చోటు ఖాళీ అయింది. నలభై ఆరేళ్ల నాకు అది దక్కాలంటే ఆరు గంటలు ఆగకుండా ఈది చూపించాలి. మధ్యలో ఎవరు ముట్టుకున్నా ఆ ఈత చెల్లదు. మా కరువు నేలలో అంత నీళ్లు దొరకడమే గొప్ప. కాలువ వదిలారు కాబట్టి ఆ ఏడు చెరువు నిండింది.

చేపలు పట్టే అన్న ఒకాయన రెండు నెలలు రోజూ నా పక్కనే తన పుట్టి, అదే గుండ్రటి బుట్ట పడవ, నడిపాడు. నా ఎడమకాలు తన్నదు. అందుకని గాలి తీసుకునేటప్పుడు ఒళ్లంతా ఒరిగి, తల ఒక క్షణం కనబడదు. మొదటి రోజు ఆయనా హడలిపోయాడు. తర్వాత గట్టు మీదివాళ్లకు "ఇప్పుడు తేల్తాది చూడండప్పా" అని ఆయనే చెప్పేవాడు. చెయ్యి తగలకుండా బెల్లంనీళ్ల సీసాను తాడు కట్టి విసరడం కూడా ఆయన ఆలోచనే.

పరీక్ష రోజు ఊరంతా గట్టు మీదే.

"వానొస్తే అందరూ వజ్రకరూరుకు పోయి వజ్రాలు ఏరుకుంటారు. ఈయమ్మ ఈ బురదలో ఏం ఏరుకుంటాదో," అన్నాడొకడు.

"ఇంట్లో వంట పని లేదేమో," అంది ఒకావిడ.

"చేసిపెట్టే వచ్చినా. నీకూ ఒక ముద్ద పంపించల్లా?" అని అడిగి నీళ్లలో దిగాను.

ఐదున్నర గంటలు గడిచాక మాజీ సర్పంచి వచ్చాడు. చెరువులో చేపలు పట్టుకునే హక్కు వేలంపాటలో ఆయనే పాడుకున్నాడు, పుట్టి అన్న ఆయన కిందే పనిచేస్తాడు. నేను ఒరగడం చూసి గట్టు మీంచే కేకేశాడు.

"ఏమప్పా, కండ్లు కనపడవా? ఆయమ్మ మునిగిపోతాండాది. పైకి లాగు."

"ముట్టుకోకండి, ఈత చెల్లదు," అంది జట్టువాళ్లు పంపిన పరిశీలకురాలు, పుట్టిలోంచి.

"పానం పోతే పోలీసులకు నువ్వు చెప్తావామ్మా? లాగప్పా."

నేను తల పైకెత్తి, "బాగానే ఉండా, నా జోలికి రావద్దు," అని అరిచాను. అప్పటికే నా భుజం మీద చెయ్యి పడింది. పరిశీలకురాలు గడియారం ఆపేసింది.

ఆ చోటు వేరొకరికి పోయింది. మాజీ సర్పంచికి శాలువా కప్పారు. పక్కన నిలబడి ఫొటో దిగమని నన్ను పిలిచారు కూడా, సిగ్గులేకుండా.

ఆయనతో నాకు మాటల్లేవు. ఆయన ఎప్పుడూ నా కాలు తప్ప ఇంకేమీ చూడలేదు. నాకు జవాబు కావలసింది పుట్టి అన్న దగ్గర. ఇంటికి పోయి అడిగితే, "కూర్చోమ్మా, కాఫీ తాగుతువు" అంటాడు. కాఫీ వద్దన్నా. మాజీ సర్పంచికి భయపడి చెయ్యి చాపినావా, లేకపోతే రెండు నెలలు చూసినోడివి, ఆ నిమిషంలో నీకు కూడా నేను మునిగిపోతాండేట్టే కనపడినానా?